నూనె పడకూడని చోట్లు

రైఫిల్ పేలగానే పక్కకు ఎగిరిపడే ఇత్తడి కేసును చాలామంది చెత్త అనుకుంటారు. డాలస్ శివారులో నేను వెళ్లే షూటింగ్ రేంజిలో వాటిని వంగి ఏరుకునేవాళ్లు కూడా ఉంటారు. నేనూ వాళ్లలో ఒకణ్ని. తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమరు, లోపల మందు, మూతి దగ్గర బిగించిన బుల్లెట్టు. కాల్చినప్పుడు మూడు ఖర్చయిపోయి కేసు ఒక్కటే మిగులుతుంది. పేలుడుకు ఉబ్బిన ఆ కేసును తిరిగి కొలతకు తెచ్చి, కొత్త ప్రైమరు, మందు, బుల్లెట్టు అమర్చుకోవడాన్ని ఇక్కడ రీలోడింగ్ అంటారు. దగ్గర దగ్గరగా గురి పడాలనుకునే పోటీ షూటర్లు, వేటగాళ్లు, పాత తుపాకులకు అంగట్లో తూటాలు దొరకనివాళ్లు ఈ పని చేస్తుంటారు. 2020లో కోవిడ్ వచ్చాక తూటాలు, ప్రైమర్లు దుకాణాల్లో కనబడకుండా పోయినప్పుడు ఇంకా చాలామంది ఇటు తిరిగారు.

అన్ని తూటాలకూ ఇది కుదరదు. .22 రిమ్‌ఫైర్ తూటాలో నిప్పు రాజేసే పదార్థాన్ని కేసు అంచు మడతలోనే నింపుతారు. సుత్తి దెబ్బకు ఆ అంచు నలిగిపోతుంది, కేసు ఇంకెందుకూ పనికిరాదు. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో జట్టుతో కలిసి స్వర్ణం గెలిచిన 25 మీటర్ల పిస్టల్ పోటీలో వాడేది ఆ తూటానే.

చట్టం సంగతి ముందే చెప్పాలి. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికి చేస్తే కావాలి. ఆపైన ఒక్కో రాష్ట్రానికీ ఊరికీ వేరే నిబంధనలు ఉండవచ్చు. హెచ్1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, తుపాకీగానీ తూటాగానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఇక్కడి మన కుర్రాళ్లలో ఇది తెలియనివాళ్లు ఎందరో. మన దేశంలోనైతే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడమే నేరం. కనుక ఆంధ్రలోనో తెలంగాణలోనో ఇంట్లో మొదలుపెట్టాల్సిన పని ఇది కానే కాదు.

అయినా దీన్ని గురించి తెలుగులో రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. ఇక్కడ పౌరసత్వం వచ్చి స్థిరపడిన మనవాళ్ల గ్యారేజీల్లో ఇప్పుడు రీలోడింగ్ బల్లలు కనిపిస్తున్నాయి. తూటా ఎలా నింపాలో నేర్పే పుస్తకాలు చాలానే ఉన్నాయి. నింపే సామాను ఎలా చూసుకోవాలో, బల్ల మీద పేరుకునే మసిలో ఏముందో, అది ఇంట్లోకి ఎలా నడిచి వస్తుందో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు.

మా నాన్నగారికి విజయవాడ ఆటోనగర్‌లో లేతు ఉండేది. సాయంత్రం షెడ్డు మూసేముందు లేతు బెడ్డు మీద రజను అంతా బ్రష్షుతో దులిపి, కాటన్ వేస్టుతో తుడిచి, ఆ తర్వాతే నూనె పూసేవారు. "రజను మీద నూనె పోస్తే అది నూనె కాదురా, ఆకురాయి" అని కుర్రాళ్లను గదమాయించేవారు. జిడ్డులో కలిసిన ఇనప పొడి రెండు ఉపరితలాల మధ్య నలిగి రెంటినీ తినేస్తుందని ఆయన ఉద్దేశం. నేను ఇక్కడ ఫ్యాక్టరీలో యంత్రాల మెయింటెనెన్సు చూస్తూ బతుకుతున్నాను. రీలోడింగ్ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు నాకు ఎక్కువగా పనికొచ్చేది ఆయన దగ్గర నేర్చినదే. దానికి ఇక్కడ ఒక సంగతి కలుపుకోవాలి. ఈ బల్ల మీద నూనె పడాల్సిన చోట్ల కన్నా పడకూడని చోట్లే ఎక్కువ.

నా బల్లకు బోల్టులతో బిగించి ఉన్నది రాక్‌చకర్ అనే ఇనప ప్రెస్సు. కాలిఫోర్నియాలోని ఓరోవిల్ ఊళ్లో ఫ్రెడ్ హంటింగ్టన్ 1943లో మొదలుపెట్టిన ఆర్‌సీబీఎస్ కంపెనీది. కాల్చేసిన .22 కేసులను నొక్కి, వాటినే చిన్న బుల్లెట్లకు పైతొడుగుగా మార్చే పనిముట్టుతో ఆయన మొదలయ్యాడు. కంపెనీ పేరు దాని నుంచే వచ్చింది. పారేసే ఇత్తడిని వదులుకోలేని మనిషి మొదలుపెట్టిన కంపెనీ కావడం నాకు నచ్చుతుంది. ప్రెస్సు పనితీరు తేలికే. పిడి కిందికి లాగితే మధ్యలో ఉన్న లావుపాటి ఉక్కు కడ్డీ, అంటే రామ్, కేసును మోసుకుని పైకి లేస్తుంది. పైన మరలో బిగించిన డై అనే అచ్చులోకి కేసు దూరుతుంది. పిడినీ రామ్‌నూ కలిపే లింకులు నిటారయ్యే కొద్దీ చేతి బలం ఎన్నో రెట్లవుతుంది. ఉబ్బిన ఇత్తడిని వెనక్కి నొక్కేది ఆ బలమే.

కేసు డై లోకి వెళ్లేటప్పుడు ఒక సన్నని సూది కాలిన ప్రైమరును కిందికి తోసేస్తుంది. దానితోపాటు బూడిదరంగు మసి రాలుతుంది. అది రామ్ మీద, రామ్ దూరే రంధ్రం అంచు మీద, లింకు పిన్నుల మీద పడుతుంది. వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా గరుగ్గా ఉంటుంది, కానీ నలిపి చూడకండి, కారణం తర్వాత చెబుతాను. పిడి బిగుసుకున్నట్టు అనిపించగానే చాలామంది నూనె డబ్బా ఎత్తుతారు. ఆ మసి మీద నూనె పడితే నాన్నగారు చెప్పిన ఆకురాయి తయారైనట్టే. అందుకని ముందు రామ్‌ను పైకెత్తి, మినరల్ స్పిరిట్స్‌తో తడిపిన గుడ్డతో చుట్టూ తుడవాలి. కిందికి దించి మళ్లీ తుడవాలి. గుడ్డ నల్లబడటం ఆగేదాకా ఇదే పని. అప్పుడు రామ్ మీద పల్చగా నూనె, లింకు పిన్నులకు కొంచెం గ్రీజు. గ్రీజు నిపుల్ ఉన్న ప్రెస్సయితే గన్నుతో ఎక్కించి, బయటికి ఉబికిన పాత నల్ల గ్రీజును పూర్తిగా తుడిచేయాలి. ఇలా చూసుకున్న పోత ఇనుము ప్రెస్సు తాత నుంచి మనవడికి వస్తుంది. అలా చేతులు మారినవి ఇక్కడ నేను చాలా చూశాను.

డైల దగ్గరికి వస్తే జాగ్రత్త మారుతుంది. కొత్త డై పెట్టెలోంచి తీయగానే జిడ్డుగా ఉంటుంది, తుప్పు పట్టకుండా కంపెనీ పూసిన పూత అది. దాన్ని కడిగి ఆరబెట్టకుండా వాడకూడదు. రైఫిల్ కేసును కొలతకు తెచ్చే సైజింగ్ డై లోకి పంపేముందు కేసుకు జారుడు కోసం మైనమో, గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ కలిపిన ద్రవమో రాస్తాం. ఎంత రాయాలన్నదే ఇక్కడ విద్య. తక్కువైతే కేసు డై లోపల ఇరుక్కుపోతుంది. గట్టిగా లాగితే కేసు అంచు తెగి ప్రెస్సులో ఉండిపోతుంది, మిగతాది డై లోపలే. అప్పుడు కేసు అడుగుకు బెజ్జం వేసి, మర తీసి, బోల్టు ఎక్కించి బయటికి లాగాలి. ఎక్కువైతే ఆ జిడ్డుకు పోయేదారి చాలదు. కేసు భుజం దగ్గర చేరి ఇత్తడిని లోపలికి నొక్కుతుంది, సొట్ట పడుతుంది. జిడ్డూ గాలీ బయటికి పోవడానికి డై పక్కన సన్నని రంధ్రం ఉంటుంది. పాత మైనం, మసి, ఇత్తడి పొడి కలిసి ఆ రంధ్రాన్ని మూసేస్తే ఎంత పల్చగా రాసినా సొట్టలు తప్పవు. సొట్టలు పడుతున్నాయని మైనం తగ్గించేవాళ్లే గాని, డై విప్పి రంధ్రంలో సన్నని తీగ దూర్చి చూసేవాళ్లు తక్కువ. పిస్టల్ కేసుల డైలలో చాలావాటికి లోపల టంగ్‌స్టన్ కార్బైడ్ ఉంగరం ఉంటుంది. అది ఎంత గట్టిదంటే దానికి జారుడు అక్కర్లేదు, కాని దెబ్బకు పెళుసు. శుభ్రం చేసేటప్పుడు సిమెంటు నేల మీద పడితే చిట్లిపోవచ్చు.

సైజింగ్ అయిపోయాక కేసు మీది జిడ్డు పూర్తిగా పోవాలి. తుపాకీ పేలినప్పుడు కేసు ఉబ్బి, తాను కూర్చున్న గది గోడను పట్టుకోవాలి. నూనె ఉంటే ఆ పట్టు జారి, దెబ్బంతా వెనకనున్న తుపాకీ బోల్టు మీద పడుతుంది. .308 విన్‌చెస్టర్ వంటి తూటాలో పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల దాకా అనుమతిస్తారు. అక్కడ ఆ జారుడును తేలిగ్గా తీసుకోలేం.

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది బుల్లెట్టు అమర్చే సీటింగ్ డై గురించి. దాన్లో బుల్లెట్టు ముక్కును నొక్కే చిన్న కడ్డీ ఒకటి ఉంటుంది. సీసపు బుల్లెట్లకు పూసిన మైనం, సీసపు చెక్కులు ఆ కడ్డీ గుంటలో కొద్దికొద్దిగా పేరుకుంటాయి. ప్రెస్సు మామూలుగానే ఆడుతుంది, చేతికి తేడా తెలియదు. లోపల మాత్రం కడ్డీ అంతమేర పొడవెక్కినట్టు అవుతుంది. పొద్దున సరిచేసిన కొలత మధ్యాహ్నానికి మారుతుంది, బుల్లెట్టు కేసులోకి ఇంకాస్త లోతుగా దిగుతుంది. చిన్న పిస్టల్ తూటాలో లోపలి ఖాళీ ఉండేదే కొంచెం, అది తగ్గితే పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. మురికి అబద్ధం చెబుతుందని నేను అనేది ఇందుకే. అందుకే కొన్ని తూటాలకోసారి వెర్నియర్‌తో పొడవు చూస్తాను. తేడా కనబడితే మర తిప్పి సరిచేయను, డై విప్పుతాను. మర తిప్పి సరిచేస్తే మురికికి తగ్గట్టు కొలత మార్చినట్టవుతుంది. ఆ తర్వాత ఆ ముద్ద ఊడి పడిందంటే కొలత అటువైపు తప్పుతుంది.

ఇక నూనె ససేమిరా పడకూడని చోట్లు. మా బావమరిది కొడుకు ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. గ్రీన్ కార్డు వచ్చాక నా దగ్గర ఈ పని నేర్చుకుంటున్నాడు. ఒకరోజు నేను వచ్చేసరికి బల్ల మీద సామానంతా మెరిసిపోతోంది.

"మామయ్యా, అన్నిటికీ నూనె వేసేశాను" అన్నాడు.

"తక్కెడకు కూడానా?"

"దానికి మరీ కొంచెమే వేశాను. బిగుసుగా ఉంటే."

మందు తూచే తక్కెడ పాత పద్ధతి దండెతక్కెడ. దండె మధ్యలో కత్తి అంచు లాంటి ఉక్కు ధారలు రెండు రాతి గుంటల్లో ఆనుకుని ఊగుతాయి. ఊగిసలాట త్వరగా ఆగడానికి దండె చివరి రాగి రేకు అయస్కాంతాల మధ్య నుంచి కదులుతుంది. కొలత ప్రమాణం గ్రెయిను. 7,000 గ్రెయిన్లు ఒక పౌండు, ఒక గ్రెయిను అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. అందులో పదో వంతు తేడా ఈ తక్కెడ చూపించాలి. ఆ ధార దగ్గర ఒక చుక్క నూనె పడితే దానికి దుమ్ము అంటుకుంటుంది, దండె సున్నా దగ్గర కాకుండా తనకు తోచినచోట ఆగుతుంది. చెవిలో పెట్టుకునే దూదిపుల్లను ఆల్కహాలులో ముంచి ధారలనూ గుంటలనూ ఇద్దరం కలిసి తుడిచాం. అయస్కాంతాల మధ్య ఇరుక్కున్న ఇనప రజనును టేపుతో అద్ది తీశాం. తర్వాత బరువు తెలిసిన తూకపు రాళ్లు పెట్టి చూశాం. ఆ రాళ్లనూ వేళ్లతో కాకుండా పట్టకారుతోనే ఎత్తాలి, వేలి జిడ్డుకు కూడా బరువుంటుంది. ఎలక్ట్రానిక్ తక్కెడకైతే ముందుగా ఆన్ చేసి వేడెక్కనివ్వడం, ఏసీ గాలి తగలకుండా చూడటం చాలు.

కొలిచి పోసే పౌడర్ మెజర్‌దీ అదే కథ. దాని లోపల తిరిగే డ్రమ్ము మీద నూనె ఉంటే మందు రేణువులు అంటుకుని గడ్డ కడతాయి. ఒక కేసులో తక్కువ పడుతుంది, ఆ గడ్డ ఊడిపడిన కేసులో ఎక్కువ పడుతుంది. అక్కడ జారుడు కావాలంటే పొడి గ్రాఫైటు వాడాలి. పైనున్న ప్లాస్టిక్ గొట్టానికి స్థిరవిద్యుత్తు వల్ల రేణువులు అతుక్కుంటాయి. బట్టలు ఆరబెట్టే యంత్రంలో వేసే డ్రయ్యర్ షీటుతో తుడిస్తే పట్టు వదులుతాయి. పని ముగిసిన ప్రతిసారీ గొట్టంలో మిగిలిన మందును అది వచ్చిన డబ్బాలోకే తిరిగి పోసేయాలి. కొన్ని మందుల్లో నైట్రోసెల్యులోజ్‌తోపాటు నైట్రోగ్లిజరిన్ ఉంటుంది, రోజుల తరబడి వదిలేస్తే అది ప్లాస్టిక్‌ను తింటుంది. గొట్టం పసుపెక్కి మసకబారుతుంది. దానికన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. వారం తర్వాత వచ్చి చూస్తే గొట్టంలో ఉన్నది ఏ మందో గుర్తుండదు. ఒక మందుకు రాసిన కొలతలో ఇంకో మందు పోస్తే తుపాకీ పగిలిపోవచ్చు. నా బల్ల మీద ఎప్పుడూ ఒకే డబ్బా ఉంటుంది. మిగతావి బీరువాలో.

ప్రైమర్ల దగ్గర నూనె ఊసే వద్దు. ప్రైమరులో ఉండేది చిన్న దెబ్బకే పేలే మిశ్రమం, నూనె తగిలితే అది చచ్చిపోవచ్చు. పూర్తిగా చచ్చిన ప్రైమరు పేలదు, అంతే. సగం చచ్చినది మందును సరిగ్గా అంటించక బుల్లెట్టును తుపాకీ గొట్టం మధ్యలో వదిలేయగలదు, ఆ వెనకే ఇంకోటి కాలిస్తే గొట్టం బద్దలవుతుంది. కాబట్టి ప్రెస్సుకు నూనె పూసిన చేతులతో ప్రైమర్ల పెట్టె ముట్టుకోకూడదు, స్ప్రే డబ్బాలు ఆ దరిదాపుల్లో కొట్టకూడదు. కొత్త ప్రైమర్ల నుంచి కూడా సన్నని పొడి రాలుతుంది. వాటిని వరసగా నింపే గొట్టాల్లో ఆ పొడి పేరుకుంటే ఒక ప్రైమరు పేలినప్పుడు మిగతావీ వరసగా పేలే అవకాశం పెరుగుతుంది. ఆల్కహాలులో తడిపిన దూదితో ఆ గొట్టాలను తరచు తుడుస్తాను. అప్పుడు కళ్లద్దాలు పెట్టుకునే చేస్తాను.

కేసులను తోమడం దగ్గరికి వస్తే మన వంటింటి జ్ఞానం నేరుగా పనికొస్తుంది. మా అమ్మ పండగ ముందు ఇత్తడి కుందులను చింతపండుతో తోమేది. చింతపండులోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. ఇక్కడ రీలోడర్లు కేసులను నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, చిటికెడు సిట్రిక్ ఆమ్లం, సన్నని స్టెయిన్‌లెస్ ఉక్కు పుల్లలతో డ్రమ్ములో తిప్పుతారు. జరిగే రసాయన చర్య ఒకటే. ఆమ్లం ఎక్కువైనా, రాత్రంతా వదిలేసినా ఇత్తడిలోని జింకు కరిగిపోయి రాగి తేలి గులాబీరంగు మచ్చలు వస్తాయి. కుందికైతే అది రంగు మారడమే. కేసు బలం మాత్రం అక్కడ తగ్గినట్టే.

ఇత్తడికి అసలు శత్రువు అమ్మోనియా. ఈ సంగతి ప్రపంచం తెలుసుకున్నది మన దేశంలో జరిగిన ఒక వింత వల్ల. బ్రిటిష్ సైన్యం అక్కడున్న రోజుల్లో వానాకాలంలో దాడులు తగ్గేవి, తూటాలను గుర్రపుశాలల్లో దాచేవారు. వానలు వెలిశాక తీసి చూస్తే చాలా కేసులు మూతి దగ్గర, బుల్లెట్టును బిగించిన చోట, నిలువునా పగిలి ఉండేవి. ఎవరూ కొట్టలేదు, కాల్చలేదు. ఋతువుతో వస్తోంది కనుక సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. కారణం మాత్రం 1921లో గాని తేలలేదు. మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు దాన్ని వివరించారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, చల్లగా ఉన్నప్పుడే సాగదీసి మలిచిన ఇత్తడిలో దాగి ఉన్న ఒత్తిడి, ఆ రెండూ కలిసి లోహాన్ని చీల్చాయి. మలిచాక కేసును తగినంత వేడిచేసి ఆ లోపలి ఒత్తిడి పోగొడితే పగుళ్లు ఆగిపోయాయి. కేసుల్లో వాడే ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. ఆ మిశ్రమానికి ఈ బలహీనత నేటికీ ఉంది. అందుకే అమ్మోనియా కలిసిన ఇత్తడి పాలిష్, కిటికీ అద్దాలు తుడిచే ద్రవం నా బల్ల దగ్గరికి రానివ్వను. కేసు అద్దంలా మెరవాలన్న మోజులో వాటిని వాడేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. మెరుపు కోసం ఎవరూ తూటా నింపరు. మసి పోయి, పగుళ్లుంటే కంటికి కనబడేంత శుభ్రంగా ఉంటే చాలు.

ఇందాక మసిని నలిపి చూడవద్దన్నానుగా, దానిలో ఉన్నది సీసం. మామూలు ప్రైమర్లలో వాడేది లెడ్ స్టిఫ్నేట్ అనే సీసపు సమ్మేళనం. అది కాలాక మిగిలే బూడిదలో సీసం ఉంటుంది. బుల్లెట్లలో ఉన్న గట్టి సీసంకన్నా నేను దీనికే ఎక్కువ భయపడతాను, ఎందుకంటే ఇది దుమ్ము. గాలిలో లేస్తుంది, గోళ్లలో చేరుతుంది, చొక్కా మీద కూర్చుని లోపలికి వస్తుంది. శరీరం సీసాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది, అక్కడ అది దశాబ్దాలు ఉండగలదు. పిల్లలకైతే మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ పిల్లల రక్తంలో సీసం విషయంలో జాగ్రత్తపడాల్సిన స్థాయిని 2021లో డెసిలీటరుకు 5 నుంచి 3.5 మైక్రోగ్రాములకు తగ్గించింది. అంతకన్నా తక్కువుంటే క్షేమమని దాని అర్థం కాదు. పిల్లలకు క్షేమమని చెప్పగల సీసపు స్థాయి ఏదీ ఇంతవరకు తేలలేదని ఆ సంస్థే చెబుతోంది.

అందుకే సామాను శుభ్రం చేసేటప్పుడు నా చేతులకు నైట్రైల్ తొడుగులు ఉంటాయి. బల్లను పొడిగుడ్డతో దులపను, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను సంచిలో కట్టి పారేస్తాను. మొక్కజొన్న కండె పొడిలో, అక్రోటు పెంకు పొడిలో కేసులను ఆడించి తోమే యంత్రం ఒకటుంది. దాని మూత తీసినప్పుడు లేచే దుమ్ములో సీసం నిండా ఉంటుంది, అది ఆరుబయట, గాలివాటు చూసుకుని తీయాల్సిందే. నేను తడి పద్ధతికి మారింది దీనివల్లే. కానీ ఆ మురికి నీళ్లను వంటింటి సింకులో పారబోస్తే చేసిన మేలంతా పోయినట్టే. ఊళ్లో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వాలి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనరుతో బల్ల కింద ఊడ్చేవాళ్లున్నారు. రెండు విధాలా అది తప్పు. సన్నని సీసపు దుమ్మును దాని జల్లెడ ఆపలేక వెనకనుంచి గదంతా చల్లుతుంది. చిందిన మందు రేణువులు లోపలికి వెళితే మోటారు నిప్పురవ్వకు అంటుకోవచ్చు. మందు చిందితే మెత్తటి బ్రష్షు, చేట చాలు. ఊడ్చిన మందును మళ్లీ డబ్బాలో కలపకూడదు.

మా ఇంట్లో నియమాలు మా ఆవిడ పెట్టింది. గ్యారేజీ చెప్పులు గ్యారేజీ గడప దాటవు. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకరు. బల్ల దగ్గర కాఫీ కప్పు, పకోడీల ప్లేటు ఉండవు. చేతులు కడగడానికి సీసాన్ని వదిలించే ప్రత్యేకమైన సబ్బు పెట్టింది, మామూలు సబ్బు దాన్ని పూర్తిగా వదిలించదు. ఇవన్నీ ఆమె ఒక నర్సుగా ఆలోచించి పెట్టినవి. ఏటా నా రక్తపరీక్షలో సీసం స్థాయి కూడా రాయమని డాక్టరుకు గుర్తుచేసేది ఆమే. ఈ బల్ల ఉన్న ప్రతి తెలుగు ఇంట్లోనూ ఈ పరీక్ష చేయించుకోవాలని నా కోరిక. మామూలు పరీక్షల్లో ఇది కలిసి ఉండదు, అడిగితేనే చేస్తారు.

టెక్సస్ గాలి సామానుకు ఇంకో పరీక్ష. చలికాలంలో ఉత్తరపు గాలి వచ్చి ప్రెస్సును మంచుగడ్డ చేస్తుంది. మర్నాడే దక్షిణం నుంచి గల్ఫ్ తేమ వీస్తుంది, చల్లటి ఇనుము మీద నీరు పడుతుంది. రాత్రికి రాత్రే డైల మీద ఎర్రటి పొర కనబడుతుంది. డైలను పల్చగా నూనె రాసి, సిలికా జెల్ సంచీలతో మూత బిగుసుకునే డబ్బాలో పెడతాను. మళ్లీ వాడేముందు ఆ నూనెను తుడిచేయాలి. మందు, ప్రైమర్లు మాత్రం ఇంటి లోపలి చల్లదనంలో, తాళం వేసిన చెక్క బీరువాలో ఉంటాయి, పిల్లలకు అందనంత ఎత్తులో. మందు డబ్బా తెరిస్తే ఘాటైన పుల్లటి వాసన, ఎర్రటి పొగలాంటి దుమ్ము కనబడితే మందు పాడైనట్టు. దాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు.

మా బావమరిది కొడుకు ఇప్పుడు సొంత ప్రెస్సు కొనుక్కుంటానంటున్నాడు. ఊళ్లో ఒక పెద్దాయన పోయాక వాళ్ల పిల్లలు గ్యారేజీ సామానంతా అమ్మేస్తుంటే అక్కడ రెండు ప్రెస్సులు చూసి ఫొటోలు పంపాడు. ఒకటి కొత్తదానిలా తళతళలాడుతోంది, రెండోది నిలువెల్లా తుప్పు. ఇద్దరం వెళ్లి చూశాం. మెరిసేదాని పిడి పట్టుకుని రామ్‌ను సగం పైకెత్తి, వేళ్లతో పక్కలకు ఊపితే టకటకమంది. మసి తుడవకుండా ఏళ్లపాటు నూనె పోశారు, రామ్ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోయింది. అమ్మేముందు పైపైన రంగు వేశారు. తుప్పుపట్టినదాని రామ్ మాత్రం నల్లటి పాత గ్రీజు కింద బిగుతుగా, నిటారుగా కదిలింది. పైనున్న డై మరలు కూడా దెబ్బతినలేదు, నా జేబులో ఉన్న డై నాలుగు చుట్లు తేలిగ్గా ఎక్కింది. డైల మర అన్ని పెద్ద కంపెనీలకూ ఒకటే కొలత కనుక ఈ పరీక్షకు ఏ డై అయినా సరిపోతుంది.

"ఇదే తీసుకో. ముందు కిరసనాయిలు, ఇత్తడి బ్రష్షు. ఉప్పుకాగితంతో రామ్‌ను మాత్రం రుద్దకు, కొలత పోతుంది" అన్నాను. తుప్పుదే కొన్నాడు. చేతి తొడుగులు వేసుకుని కారులోకి ఎత్తాం, కింద పాత దుప్పటి పరిచి.